ఉప్పునీటి ట్యాంకులో పాచి: మందు పోసే ముందు అదేంటో తెలియాలి

ఇంట్లో మెరైన్ ట్యాంకు పెట్టిన మూడు నాలుగు వారాలకి ఇసుక మీద, రాళ్ల మీద గోధుమ రంగు పొర పరుచుకోవడం మొదలవుతుంది. అది కనబడగానే చాలామంది షాపుకి వెళ్లి "ఆల్గే పోయే మందు" అడుగుతారు, లేదా నీటిలోని ఫాస్ఫేట్‌ని లాగేసే గుళికలు (మీడియా) తెచ్చి వేసి, చేపలకి మేత తగ్గించి, లైట్లు ఆపేసి, నీళ్లు మార్చి, ఇవన్నీ ఒకే వారంలో చేసేస్తారు. కొన్నిసార్లు పొర పోతుంది, మందు పనిచేసిందనుకుంటారు. కొన్నిసార్లు అదే పొర జిగట తీగల్లా సాగి వేలాడుతూ రెట్టింపై వస్తుంది, నత్తలు ఒక్కొక్కటీ తిరగబడి చచ్చిపోతాయి, అప్పుడు ఇంకో మందు. దీన్ని అదృష్టానికి వదిలేయాల్సిన పని లేదు. కంటికి ఒకేలా కనబడే ఆ పొర కనీసం మూడు రకాల జీవుల్లో ఏదైనా కావచ్చు, ఒకదానికి విరుగుడైంది ఇంకోదానికి బలమవుతుంది.

మొదటిది డయాటమ్. దీని కణానికి చుట్టూ సిలికాతో కట్టుకున్న గాజులాంటి డొల్ల ఉంటుంది, కాబట్టి నీటిలో సిలికా ఉన్నంత కాలం పెరుగుతుంది, అది అయిపోగానే తగ్గిపోతుంది. కొత్త ట్యాంకుల్లో ఇసుక నుంచి, రాళ్ల నుంచి, పోసిన నీళ్ల నుంచి సిలికా వస్తుంది కాబట్టి దాదాపు ప్రతి ట్యాంకూ ఈ దశ దాటాల్సిందే. పొడిలా ఉంటుంది, వేలితో తుడిస్తే పోతుంది, నత్తలు ఇష్టంగా తింటాయి. దీనికి ఏ మందూ అక్కర్లేదు. షాపులో అమ్మిన మందు "పనిచేసిన" సందర్భాల్లో చాలావరకు ఇదే ఉంటుంది, అంటే మందు వేయకపోయినా అదే వారంలో పోయేది.

రెండోది సయనోబాక్టీరియా, అసలు ఆల్గే కాదు, బాక్టీరియా. ఎక్కువగా ముదురు ఎరుపులో, కొన్నిసార్లు గోధుమ రంగులోనో నల్లటి ఆకుపచ్చలోనో, దుప్పటిలా పరుచుకుంటుంది. సైఫన్ పైపు పెడితే ఒక్క పొరలా ఊడి వస్తుంది, వాసన బాగోదు. నీటి ప్రవాహం తగలని మూలల్లో, చెత్త పేరుకున్న ఇసుక మీద ముందు మొదలవుతుంది.

మూడోది డైనోఫ్లాజెల్లేట్, హాబీలో అందరూ డైనో అంటారు. టెన్షన్ పడాల్సింది దీనికే. చీమిడిలా జిగటగా ఉంటుంది, దాని తీగల్లో గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి, పొద్దున లైటు వేసే ముందు తక్కువగా ఉండి సాయంత్రానికి బాగా పెరిగి కనబడుతుంది. ఆస్ట్రియాప్సిస్ లాంటి రకాలు విషం తయారు చేస్తాయి, అది తిన్న నత్తలు చనిపోతాయి. ట్యాంకులో ఇంకేమీ మారకుండా నత్తలు మాత్రమే వరసగా పోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తేడా కనుక్కోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కొంచెం పొరని ట్యాంకు నీళ్లతో పాటే చిన్న సీసాలోకి తీసుకుని, గట్టిగా ఊపి ముక్కలు చేసి, కాఫీ ఫిల్టర్ పేపర్లోంచి వడకట్టి, కిందకి దిగిన నీళ్లని ఒక గంట లైటు కింద కదపకుండా పెట్టాలి. విడిపోయిన కణాలు మళ్లీ దగ్గరికి చేరి తీగలు కట్టాయంటే డైనో అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అంతకంటే నమ్మకమైనది మైక్రోస్కోపు. 400 రెట్లు పెద్దగా చూపించే మామూలు స్టూడెంట్ మైక్రోస్కోపు చాలు, తెలిసినవాళ్లలో బయాలజీ లెక్చరర్ ఉంటే కాలేజీ ల్యాబ్‌లో ఐదు నిమిషాల పని. డయాటమ్‌లు గీసినట్టున్న గాజు పడవల్లా, సయనో సన్నటి దారాల్లా, డైనోలు గింజల్లా గుండ్రంగా తిరుగుతూ కనబడతాయి. వేల రూపాయల మందులు కొనే ముందు ఈ ఒక్క పని చేస్తే హాబీలో సగం ట్యాంకులు మూతపడకుండా ఉంటాయనిపిస్తుంది.

ఇక వీటికి చేయాల్సిన పనులు ఎంత ఎదురెదురుగా ఉంటాయో చూడండి. పచ్చటి వెంట్రుకల పాచి వస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించమంటారు, అది సరైన సలహానే. అదే సలహాని డైనో ట్యాంకుకి వాడితే పరిస్థితి ఇంకా చెడుతుంది, ఎందుకంటే చాలా ట్యాంకుల్లో డైనోలు విరగబడేది ఆ రెండూ సున్నాకి పడిపోయినప్పుడే. పోషకాలు లేకపోతే ముందు నష్టపోయేవి పోటీలో ఉన్న మామూలు ఆల్గే, బాక్టీరియా, డయాటమ్‌లు. డైనోల్లో చాలా రకాలు వెలుగుతో ఆహారం చేసుకోవడమే కాకుండా బాక్టీరియాని మింగి కూడా బతకగలవు, కాబట్టి ఖాళీ అయిన ఇసుకనీ రాళ్లనీ అవి ఆక్రమిస్తాయి. అందుకే పెద్ద స్కిమ్మర్ (నురుగుతో మురికిని బయటికి తీసే పరికరం), ఫాస్ఫేట్ మీడియా, బయోపెల్లెట్లు (నైట్రేట్ తినే బాక్టీరియాని పెంచే గుళికలు) అన్నీ ఒకేసారి పెట్టి "నా నీళ్లు చాలా శుభ్రం" అనుకునే ట్యాంకుల్లోనే ఇది ఎక్కువ.

అలాంటి ట్యాంకులో చేయాల్సింది ఫాస్ఫేట్ మీడియా తీసేయడం, స్కిమ్మర్ తగ్గించడం, మేత పెంచడం, అవసరమైతే నైట్రేట్‌ని విడిగా కలపడం. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు) మధ్య, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబెట్టగలిగితే మిగతా జీవులకి మళ్లీ ఊపిరి అందుతుంది. పొటాషియం నైట్రేట్‌లో బరువు లెక్కన 61 శాతం నైట్రేటే, కాబట్టి 200 లీటర్ల ట్యాంకులో 5 పీపీఎం పెంచాలంటే సుమారు 1.6 గ్రాములు సరిపోతుంది. మన రైతులు పైరు మీద పిచికారీ చేసే 13-0-45 ఎరువు కూడా పొటాషియం నైట్రేటే, కానీ ట్యాంకుకి ల్యాబ్ గ్రేడ్ తీసుకోవడమే మంచిది. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీటిలోకి లేస్తుంది కాబట్టి నీటిని అతినీలలోహిత కాంతి గుండా పంపే యూవీ స్టెరిలైజర్ దానికి బాగా పనిచేస్తుంది. ఇసుకలోనే దాక్కునే ఆంఫిడినియం రకానికి యూవీతో పెద్ద ఉపయోగం ఉండదు, దానికి పోటీగా డయాటమ్‌లు పెరగాలని కావాలనే సిలికా కలిపేవాళ్లున్నారు. మొదటి నెలలో వదిలించుకోవాలని తపన పడ్డ డయాటమ్‌నే ఇక్కడ పిలిచి కూర్చోబెడుతున్నారు. డైనో నడుస్తున్నంత కాలం నీళ్లు మార్చడం కూడా తగ్గించాలి, ఎందుకంటే కొత్త ఉప్పులో వచ్చే సూక్ష్మ మూలకాలు వాటికి పనికొస్తాయి.

ఈ "సున్నా" పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందంటే, పగడపు దిబ్బల దగ్గర సముద్రపు నీటిలో పోషకాలు చాలా తక్కువ అన్న మాట నుంచి. ఆ మాట నిజమే, కానీ అక్కడ పాచి కనబడకపోవడానికి అదొక్కటే కారణం కాదు. దిబ్బ మీద పాచి నిత్యం మొలుస్తూనే ఉంటుంది, మొలిచింది మొలిచినట్టు ఎవరో ఒకరు తినేస్తారు. కరీబియన్‌లో ఇది చాలా బాధాకరంగా రుజువైంది. 1983లో ఏదో రోగం వచ్చి అక్కడి పొడవాటి ముళ్ల సీ అర్చిన్లు, డయడీమా అనే రకం, ఏడాది తిరిగేలోపు 90 శాతం పైగా చచ్చిపోయాయి. జమైకా దిబ్బల్లో పాచి తినే చేపల్ని అప్పటికే వేటాడేశారు, అర్చిన్లు మాత్రమే ఆ పని చేస్తూ వచ్చాయి. అవి కూడా పోయాక పాచి దిబ్బల్ని కప్పేసింది. 1970ల చివర్లో 50 శాతానికి మించి ఉన్న పగడాల విస్తీర్ణం 1990ల మొదటికి 5 శాతం లోపుకి వచ్చేసిందని పగడాల శాస్త్రవేత్త టెరెన్స్ హ్యూజ్ 1994లో సైన్స్ పత్రికలో రాశారు. తుపాన్లు కూడా దెబ్బతీశాయి, కానీ దిబ్బ కోలుకోలేకపోవడానికి పెద్ద కారణం తినేవాళ్లు లేకపోవడమే.

ఇంటి ట్యాంకులో టెస్ట్ కిట్ అంకె చూసి నిద్రపోని వాళ్లు ట్యాంకులో పాచి తినేవి ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టుకోవడం తక్కువ. టర్బో, ట్రోకస్ నత్తలు రాళ్లని బాగా గీకుతాయి. నసారియస్ నత్తలు పాచి తినవు, ఇసుకలో మిగిలిపోయిన మేత తింటాయి, అయినా "క్లీనప్ క్రూ" పేరుతో అవే ఎక్కువగా అంటగడతారు. వెంట్రుకల పాచి వేలు పొడవు పెరిగిపోయాక ఏ నత్తా దాని జోలికి పోదు, ముందు చేత్తో పీకి పొట్టిగా చేస్తేనే అవి ఆ పని అందుకుంటాయి. సీ హేర్ (నత్త జాతికే చెందిన మెత్తటి సముద్ర జీవి) మాత్రం పొడవాటి పాచిని కూడా మేసేస్తుంది, కానీ పాచి అయిపోయాక ఆకలితో చచ్చిపోతుంది, కాబట్టి పని అయ్యాక ఇంకో ట్యాంకుకి ఇచ్చే ఏర్పాటు ముందే చూసుకోకుండా దాన్ని తేవడం అన్యాయం. టాంగ్ చేపలు గొప్పగా మేస్తాయి గానీ మూడడుగుల ట్యాంకులో పెడితే వాటికి నరకం. పాచి కోసం చేపని హింసించనక్కర్లేదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. ఇసుకని శుభ్రం చేయడానికి విదేశీ వీడియోల్లో సముద్ర దోసకాయలు పెట్టమంటారు, రాళ్ల కోసం సముద్రం నుంచి జీవులతో సహా తెచ్చిన లైవ్ రాక్ వాడమంటారు. ఇక్కడ సముద్ర దోసకాయలు, గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉన్నాయి, చచ్చిన పగడపు రాయి ఏరుకొచ్చినా నేరమే. అది ఉండాల్సిన చట్టమే, మన్నార్ గల్ఫ్‌లో పగడాల్ని సున్నానికీ సిమెంటుకీ తవ్వుకున్న చరిత్ర ఉంది కాబట్టి. దీని ఫలితంగా మన ట్యాంకులు దాదాపు అన్నీ సిరామిక్ రాళ్లతోనో ఎండు రాళ్లతోనో మొదలవుతాయి. వాటి మీద ఏ జీవమూ ఉండదు. ఖాళీ రాయి మీద ముందు ఎవరొస్తే వాళ్లదే స్థలం, ముందు వచ్చేది ఎప్పుడూ వేగంగా పెరిగే పాచే. గులాబీ, ఊదా రంగుల్లో గట్టి పొరలా పరుచుకునే కొరలైన్ ఆల్గే వచ్చి రాయిని ఆక్రమించేదాకా ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. విదేశీ వీడియోల్లో రెండు నెలల్లో మెరిసిపోయే ట్యాంకు చూసి మనది పాడైపోయిందని కంగారు పడాల్సిన పని లేదు. స్నేహితుల పాత ట్యాంకు నుంచి గుప్పెడు ఇసుకో, ఫిల్టర్‌లో నానిన సిరామిక్ ముక్కలో తెచ్చి వేస్తే ఆ కాలం బాగా తగ్గుతుంది.

నీళ్ల సంగతి తెలుగు రాష్ట్రాల్లో మరీ ముఖ్యం. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పరిమితి. తెలంగాణలో, ఆంధ్రలో చాలా చోట్ల బోరు నీళ్లు ఈ పరిమితి దాటుతున్నాయని కేంద్ర భూగర్భ జల మండలి నివేదికలు చెబుతున్నాయి. పరిమితి దగ్గరే ఉన్న బోరు నీళ్లతో లెక్క వేద్దాం. ఎండాకాలంలో 200 లీటర్ల ట్యాంకులో రోజుకి 3 లీటర్లు ఆవిరైపోతే, ఆ లోటుని బోరు నీళ్లతో నింపితే, రోజుకి 135 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, నైట్రేట్ అక్కడే ఉంటుంది. నెలకి 20 పీపీఎం పెరిగినట్టు, అదీ చేపలకి ఒక్క గింజ మేత వేయకుండానే. దీనికి తోడు గ్రానైట్ నేలల బోరు నీటిలో సిలికా ఎక్కువ, అంటే డయాటమ్ దశ ఎప్పటికీ ముగియదు.

ఇంట్లో ఆర్ఓ ఉంది కదా అనుకుంటారు. తాగే నీళ్ల ఆర్ఓ మెషిన్లలో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం కొంత ముడి నీటిని మళ్లీ కలుపుతుంది, కొన్నిట్లో మినరల్ క్యాట్రిడ్జ్ కూడా ఉంటుంది. మనుషులకి అది మంచిదే కావచ్చు, ట్యాంకుకి మాత్రం కాదు. టీడీఎస్ మీటర్ ముంచితే 50 నుంచి 150 దాకా చూపిస్తుంది. ఆర్ఓ మెంబ్రేన్ దాటిన నీటిని నేరుగా పట్టుకుని, మిగిలిన లవణాలని కూడా లాగేసే డీఐ రెసిన్ గుండా పంపి, మీటర్ సున్నా చూపించాకే వాడాలి. రెసిన్ అయిపోవడం మొదలైనప్పుడు అన్నిటికంటే ముందు జారిపోయేది సిలికానే, అప్పటికి మీటర్ ఇంకా సున్నా దగ్గరే ఉండొచ్చు, ఎందుకంటే సిలికా అందులో సరిగా కనబడదు. ఏడాది పాత ట్యాంకులో అకస్మాత్తుగా గోధుమ పొడి వచ్చిందంటే ముందు చూడాల్సింది రెసిన్. విశాఖలో ఉన్నవాళ్లు సముద్రపు నీళ్లే తెచ్చుకుంటారు, ఖర్చు తక్కువ. కానీ తీరానికి ఆనుకుని ఉన్న నీటిలో ఊరి మురుగు, నదుల బురద కలుస్తాయి, వానాకాలం తర్వాత ఉప్పు శాతం కూడా పడిపోతుంది. పోసే ముందు నైట్రేట్, ఫాస్ఫేట్, ఉప్పు శాతం మూడూ చూడకుండా పోయకూడదు.

నీళ్లు మార్చితే చాలు అనే సలహాకి కూడా హద్దుంది. 40 పీపీఎం నైట్రేట్ ఉన్న ట్యాంకులో వారానికి 10 శాతం మారిస్తే, కొత్తగా ఏమీ చేరకపోయినా నెల తర్వాత ఇంకా 26 ఉంటుంది. ఫాస్ఫేట్ ఇంకా మొండిది. క్యాల్షియం కార్బొనేట్ రాళ్లూ ఇసుకా దాన్ని స్పాంజిలా పీల్చుకుని దాచుకుంటాయి, నీటిలో తగ్గగానే మళ్లీ వదులుతాయి. ఇవాళ మీడియా పెడితే రేపు 0.03 చూపించి, వారం తిరిగేసరికి మళ్లీ 0.2 చూపించడానికి కారణం ఇదే, టెస్ట్ కిట్ తప్పు కాదు. కాబట్టి నెలల తరబడి కొద్దికొద్దిగా లాగాలి. ఫాస్ఫేట్‌ని పట్టేసే లాంథనమ్ క్లోరైడ్ లాంటివి ఒక్కసారిగా పోసి లాగితే పగడాలు షాక్‌కి గురవుతాయి, అప్పుడే సున్నా, అప్పుడే డైనో. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: రాళ్లనిండా వెంట్రుకల పాచి ఉన్నా టెస్టు సున్నా చూపించొచ్చు, ఎందుకంటే నీటిలోకి వచ్చింది వచ్చినట్టే పాచి తాగేస్తోంది. టెస్టు చెప్పేది మిగిలిపోయిన దాని గురించే, రోజూ ఎంత వచ్చి పోతోందో అది చెప్పదు. అలాంటి చోట పాచిని చేత్తో పీకి బయట పడేయడమే పోషకాలని బయట పడేయడం. పని మురికిగా ఉంటుంది, వారం వారం చేయాలి, కానీ దీనికి సాటి వచ్చే సీసా ఏదీ లేదు.

బాక్టీరియాతో పోషకాలని తినిపించే పద్ధతి భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతులకి బాగా తెలిసిందే. బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టి చెరువులో చల్లుతారు, ఆ కార్బన్ తిని బాక్టీరియా పెరుగుతూ నీటిలోని నత్రజనిని లాక్కుంటుంది. పగడాలుండే రీఫ్ ట్యాంకులో వోడ్కా, వెనిగర్ చుక్కలు వేయడం సూత్రంగా ఇదే, పెరిగిన బాక్టీరియాని స్కిమ్మర్ నురుగుతో బయటికి తీస్తుంది. చెరువులో ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో రొయ్యల రైతుని అడిగితే చెబుతాడు, ట్యాంకులోనూ అంతే. ఎక్కువ పోసిన రాత్రి కరెంటు పోతే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి చేపలు పోతాయి. ఇన్వర్టర్ మీద ఒక పవర్‌హెడ్ (నీటిని కదిలించే చిన్న పంపు) అయినా నడిచే ఏర్పాటు లేకుండా ఈ పద్ధతి జోలికి వెళ్లొద్దు. నైట్రేట్ అప్పటికే సున్నా ఉన్న ట్యాంకులో దీనికి చోటే లేదు.

మందులకి అసలు చోటే లేదని కాదు. బ్రయాప్సిస్ అనే ఈకల్లాంటి పచ్చ పాచిని ఏ నత్తా సరిగా తినదు, పీకితే వేళ్లు మిగిలి మళ్లీ వస్తుంది. దానికి ఫ్లూకొనజోల్ బాగా పనిచేస్తుంది, మనుషులకి ఫంగస్‌కి ఇచ్చే మందే, హాబీలో లీటరుకి 5 మిల్లీగ్రాముల చొప్పున వాడతారు, ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్ తీసేసి రెండు మూడు వారాలు ఆగాలి. చచ్చిన పాచి కుళ్లి పోషకాలన్నీ మళ్లీ నీటిలోకే వస్తాయి కాబట్టి ముందు వీలైనంత పీకేసి తర్వాత వేయాలి. చిన్న రాయి మీద ఉన్న పాచికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది, రాయిని బయటికి తీసి పూసి కాసేపాగి కడిగి పెట్టొచ్చు. విదేశీ సూచనలన్నీ 3 శాతం ద్రావణం గురించి చెబుతాయి, మన మెడికల్ షాపుల్లో దొరికేది సాధారణంగా 6 శాతం, కాబట్టి సగానికి సగం నీళ్లు కలపాలి. ట్యాంకులో క్లీనర్ రొయ్యలుంటే మాత్రం నీటిలోకి పోయొద్దు, అవి తట్టుకోలేవు.

సయనోకి ఎరిత్రోమైసిన్ వేయమనే సలహా మాత్రం వినొద్దు. అది బాక్టీరియా కాబట్టి యాంటీబయాటిక్‌కి చస్తుంది, నిజమే. కానీ ప్రవాహం లేని మూల, పేరుకున్న చెత్త అలాగే ఉంటే నెలలో తిరిగొస్తుంది, ఈలోపు ఆ మందు నీళ్లు డ్రైనేజీలోకి పోతాయి. మందులకి లొంగని బాక్టీరియా మనుషుల ప్రాణాలు తీస్తున్న దేశంలో ఇసుక అందం కోసం యాంటీబయాటిక్ పోయడం తప్పు. వేవ్‌మేకర్ (నీటిలో అలలు పుట్టించే పంపు) దిశ మార్చి, పొరని సైఫన్‌తో లాగేసి, మూడు రోజులు లైట్లు ఆపి ట్యాంకుకి దుప్పటి కప్పితే చాలాసార్లు పోతుంది. పగడాలు మూడు రోజుల చీకటిని తట్టుకుంటాయి. ఎయిర్ పంపు మాత్రం ఆపకూడదు.

పాచితోనే పాచిని ఆపడం అన్నిటికంటే నిలకడైన దారి. స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980ల ప్రాంతంలోనే జాలీ మీద పాచిని కావాలని పెంచి, దాన్ని గీకి పారేస్తూ ట్యాంకుని శుభ్రంగా ఉంచే ఆల్గే స్క్రబ్బర్‌ని తయారు చేశారు. ఇంట్లో సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టెలో) ఒక అరకి లైటు పెట్టి కీటో అనే తీగల ఆల్గే పెంచడం దానికి తమ్ముడులాంటిదే. అది వారం వారం పెరిగిన మేరకి సగం తీసేయాలి, తీయకపోతే తీసుకున్నదంతా తిరిగిచ్చేస్తుంది. కౌలెర్పా అనే ఆల్గే పెంచమని ఎవరైనా ఇస్తే తీసుకోకపోవడం మంచిది, ఒక్కోసారి ఉన్నట్టుండి విడిపోయి నీళ్లన్నిటినీ తెల్లగా మార్చేస్తుంది. దాని ఇంకో చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. అక్వేరియంలలో పెంచే కౌలెర్పా టాక్సిఫోలియా 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కింద సముద్రంలో కనబడింది, ఆ తర్వాత మధ్యధరా తీరాల్లో వేల ఎకరాలకి పాకింది. 2000లో కాలిఫోర్నియాలో కనబడితే, టార్పాలిన్లు కప్పి కింద క్లోరిన్ పెట్టి వదిలించడానికి ఆరేళ్లు పట్టింది. అందుకే ట్యాంకు నుంచి పీకింది ఏదైనా రుషికొండ దగ్గరో కాకినాడ దగ్గరో సముద్రంలో కలపకూడదు, ఆ నీళ్లు కాలువలో పోయకూడదు. మంచినీళ్లలో రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి, బాగా ఎండబెట్టి, మొక్కల ఎరువు గుంటలో వేస్తే సరిపోతుంది.